ఆ కుర్చీ విలువ... ఓ నిండు ప్రాణం!

స్టాంపులు సేకరించేవాళ్లని చూశాం. పాత నాణేలూ అగ్గిపెట్టెలూ దాచుకునేవాళ్లనీ చూశాం. కానీ యుద్ధవిమానం కూలిపోయే క్షణంలో పైలట్‌ని ఆకాశంలోకి విసిరేసే కుర్చీల్ని ఇంట్లో దాచుకునేవాళ్లుంటారని తెలుసా? అవే విమానాల్ని చిన్న పిల్లనగ్రోవి అంత పొడవులో, కుర్చీ పట్టీలతో సహా తయారుచేసేవాళ్లుంటారని తెలుసా? ఎక్కడో విదేశాల్లోని సరదాలే కదా అనుకుంటున్నారేమో... ఆ కుర్చీలు మన మిరప చేల మీదుగానూ ఎగిరాయి మరి!

2024 మార్చి 18. కళ్లాల్లో మిర్చి ఎండే కాలం. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కొరిశపాడు దగ్గర, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని ఉన్నట్టుండి ఖాళీ చేయించారు. రోజూ మిర్చి టిక్కీలూ పత్తి బేళ్లూ మోసుకెళ్లే లారీలన్నీ పక్కదారి పట్టాయి. కాసేపటికి ఆకాశం దద్దరిల్లింది. సుఖోయ్‌-30, హాక్‌ యుద్ధవిమానాలు రోడ్డు మీదికంటా దిగినట్టే దిగి, నేలను తాకకుండా పైకి లేచిపోయాయి. ఏఎన్‌-32, డోర్నియర్‌ రవాణా విమానాలైతే అచ్చంగా రోడ్డు మీదే దిగి, మళ్లీ ఎగిరాయి. అత్యవసర సమయాల్లో విమానాలు దిగేందుకు కొరిశపాడు-రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కట్టిన రన్‌వే అది. 2022 డిసెంబరు 29న కూడా అక్కడ ఇలాగే విన్యాసాలు జరిగాయి. అప్పుడు మన దేశంలో తయారైన తేజస్‌ కూడా వచ్చింది.

విమానాల రొద, వేగం అందరూ చూశారు. ఎవరూ చూడనిది ఒకటుంది. ఆ రోజు వచ్చిన ప్రతి సుఖోయ్‌లోనూ రెండు, ప్రతి హాక్‌లోనూ రెండు... పైలట్లు కూర్చున్న ప్రత్యేకమైన కుర్చీలు. ఎప్పటికీ వాడాల్సిన అవసరం రాకూడదని అందరూ కోరుకునే కుర్చీలు. వాడితే మాత్రం ఒకే ఒక్కసారి పనిచేసే కుర్చీలు. అంతకు సరిగ్గా ఆరు రోజుల ముందు, మార్చి 12న రాజస్థాన్‌లోని జైసల్మేర్‌ దగ్గర ఓ తేజస్‌ కూలిపోయింది. తేజస్‌ చరిత్రలో అదే మొదటి ప్రమాదం. విమానం నేలను తాకి కాలిపోయినా పైలట్‌ పారాచూట్‌తో క్షేమంగా కిందికి దిగాడు. కారణం ఆ కుర్చీయే!

స్నేహితుడి మరణం నుంచి...

ఈ కుర్చీ వెనక ఓ స్నేహం కథ ఉంది. జేమ్స్‌ మార్టిన్‌ ఇంజినీరు. వాలెంటైన్‌ బేకర్‌ పైలట్‌. ఇద్దరూ కలిసి బ్రిటన్‌లో మార్టిన్‌-బేకర్‌ అనే విమానాల కంపెనీ నడిపేవారు. 1942 సెప్టెంబరులో, తాము తయారుచేసిన కొత్త విమానాన్ని పరీక్షిస్తూ బేకర్‌ ప్రమాదంలో చనిపోయాడు. మిత్రుడి మరణం మార్టిన్‌ని కుదిపేసింది. విమానాన్ని ఎంత గొప్పగా తయారుచేశామన్నది కాదు, అందులోని మనిషి ప్రాణాలతో బయటపడతాడా లేదా అన్నదే ఆయనకు ముఖ్యమైపోయింది. కొన్నాళ్లకు ఆ కంపెనీ విమానాలు తయారుచేయడం మానేసి కుర్చీల మీద పడింది.

అలాగని అలాంటి కుర్చీ అదే మొదటిది కాదు. అదే ఏడాది జనవరి 13న జర్మనీలో హెల్ముట్‌ షెంక్‌ అనే పైలట్‌ మంచు పేరుకుపోయిన హైంకెల్‌ విమానం నుంచి అప్పటికి ప్రయోగదశలో ఉన్న కుర్చీతో సహా బయటికొచ్చి బతికాడు. ప్రపంచంలో ఎజెక్షన్‌ సీటు కాపాడిన తొలి ప్రాణం అతడిదే. మార్టిన్‌ కుర్చీని గాల్లో పరీక్షించేందుకు ముందుకొచ్చింది బెర్నార్డ్‌ లించ్‌. 1946 జులై 24న ఎగురుతున్న మీటియర్‌ జెట్‌ నుంచి అతడు కుర్చీతోపాటు బయటికి దూసుకొచ్చి, పారాచూట్‌తో దిగాడు. నిజమైన ప్రమాదంలో ఆ కుర్చీ ఆదుకున్నది మాత్రం 1949 మే 30న. జో లాంకాస్టర్‌ అనే టెస్ట్‌పైలట్‌ నడుపుతున్న ప్రయోగాత్మక విమానం అదుపుతప్పితే, ఆ కుర్చీ సాయంతోనే బయటపడ్డాడు.

అప్పటి నుంచి ఇప్పటివరకూ తమ కుర్చీలు 7,700కు పైగా ప్రాణాలు కాపాడాయని లెక్క చెబుతుంది ఆ సంస్థ. అలా బయటపడ్డవాళ్ల కోసం 1957లో ఓ క్లబ్బు కూడా పెట్టింది. అందులో చేరాలంటే డబ్బూ పలుకుబడీ చాలవు, ఆ కుర్చీ సాయంతో ఒక్కసారైనా చావు నుంచి తప్పించుకుని ఉండాలి. సభ్యత్వానికి గుర్తుగా ఓ టై ఇస్తారు. బ్రెమాంట్‌ అనే బ్రిటిష్‌ వాచీల కంపెనీ అయితే ఇలాంటివాళ్లకు మాత్రమే అమ్మే వాచీని తయారుచేసింది. ఎంత కోటీశ్వరుడైనా సరే, కుర్చీతో గాల్లోకి ఎగరకపోతే ఆ వాచీ దొరకదు!

రెప్పపాటులో ఏం జరుగుతుంది?

పైలట్‌ కాళ్ల మధ్యనో కుర్చీ పక్కనో పసుపు, నలుపు చారలున్న ఓ పిడి ఉంటుంది. దాన్ని గట్టిగా లాగడమే పైలట్‌ చేయాల్సిన పని. మిగతాదంతా కుర్చీయే చూసుకుంటుంది. మొదట పైనున్న గాజు కప్పు ఊడి ఎగిరిపోతుంది. కొన్ని విమానాల్లో అయితే గాజుకి అతికించి ఉన్న సన్నటి పేలుడు తీగ దాన్ని ముక్కలు చేస్తుంది. పట్టీలు పైలట్‌ని కుర్చీకి బిగించి పట్టుకుంటాయి. కాళ్లు గాలికి కొట్టుకోకుండా మరికొన్ని పట్టీలు వెనక్కి లాగుతాయి. కుర్చీ వెనకున్న తుపాకీ గొట్టం లాంటి పరికరంలో మందుగుండు పేలి కుర్చీ పట్టాల వెంట పైకి లేస్తుంది. వెంటనే అడుగునున్న రాకెట్‌ అందుకుంటుంది. ముందు ఓ బుల్లి పారాచూట్‌ విచ్చుకుని, పల్టీలు కొట్టకుండా కుర్చీని నిలకడగా ఉంచుతుంది. తరవాత పెద్ద పారాచూట్‌ విచ్చుకుంటుంది. కుర్చీ విడిపోయి కిందికి పడిపోతుంది. ఇదంతా మనం ఈ వాక్యం చదివేంత సమయం కూడా పట్టదు, రెండు మూడు సెకన్లలో అయిపోతుంది!

విమానం బాగా ఎత్తులో ఉంటే మాత్రం కుర్చీ తొందరపడదు. అంత ఎత్తులో పారాచూట్‌ తెరిస్తే చలికీ ఆక్సిజన్‌ లేకపోవడానికీ పైలట్‌ తట్టుకోలేడు. అందుకే గాలి పీడనాన్ని కొలిచే చిన్న పరికరం, సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగేదాకా ఆగి, అప్పుడు పెద్ద పారాచూట్‌ని వదులుతుంది. తొలినాళ్ల కుర్చీలు విమానం కాస్త ఎత్తులో, కాస్త వేగంతో ఉంటేనే పనిచేసేవి. రన్‌వే మీద నిలబడి ఉన్న విమానం నుంచి కూడా ప్రాణాలతో బయటపడొచ్చని తేల్చింది డోడీ హే. 1961 ఏప్రిల్‌ 1న అతడు నేల మీదున్న కుర్చీలో కూర్చుని పిడి లాగాడు. రాకెట్‌ అతణ్ని పైకి తీసుకెళ్లింది, పారాచూట్‌ దించింది. ఏప్రిల్‌ ఫూల్‌ అయింది మాత్రం అది కుదరదన్నవాళ్లే!

అయితే ఈ ప్రాణదానం ఊరికే రాదు. కుర్చీ పైకి లేచే క్షణంలో పైలట్‌ మీద భూమ్యాకర్షణ కన్నా పన్నెండు నుంచి ఇరవై రెట్ల వరకూ ఒత్తిడి పడుతుంది. పద్నాలుగు రెట్లే అనుకున్నా, 70 కిలోల మనిషి ఆ కాసేపూ దాదాపు పది క్వింటాళ్ల బరువు తూగుతాడు. గుంటూరు యార్డు లెక్కలో చెప్పాలంటే, రెండు డజన్ల మిర్చి టిక్కీలు ఒక్కసారిగా వెన్ను మీద పడ్డట్టు! అందుకే బతికి బయటపడ్డవాళ్లలో వెన్నుపూసలు నలిగినవాళ్లు చాలామందే ఉంటారు.

మన నచికేత కథ

ఆ బాధేమిటో దేశానికి తెలియజెప్పిన పైలట్‌ మన తెలుగింటివాడే. కార్గిల్‌ యుద్ధం జరుగుతున్న రోజులు... 1999 మే 27. ఫ్లైట్‌ లెఫ్టినెంట్‌ కంభంపాటి నచికేత పాతికేళ్ల కుర్రాడు. బటాలిక్‌ ప్రాంతంలోని కొండల మీద శత్రు స్థావరాలపైకి మిగ్‌-27 నుంచి రాకెట్లు వదిలాడు. అంతలో ఇంజిన్‌ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్‌ చేసేందుకు ప్రయత్నించినా లాభం లేకపోయింది. కొండలు దగ్గరకొచ్చేస్తున్నాయి. పిడి లాగాడు.

కుర్చీ అతడి ప్రాణం కాపాడింది. కానీ దిగింది శత్రువుల చేతికి చిక్కే చోట. అతడు ఎక్కడ పడ్డాడో వెతుకుతూ మిగ్‌-21లో వెళ్లిన స్క్వాడ్రన్‌ లీడర్‌ అజయ్‌ అహుజా విమానాన్ని క్షిపణి కూల్చేసింది. ఆయన కూడా కుర్చీతో బయటికొచ్చారు, కానీ ప్రాణాలతో తిరిగిరాలేదు. మరణానంతరం వీరచక్ర ఆయన్ని వరించింది. ఒకేరోజు ఇద్దరు పైలట్లు, రెండు కుర్చీలు... ఒకరు ఇంటికొచ్చారు, ఒకరు రాలేదు. కుర్చీ మనిషిని విమానం నుంచి మాత్రమే తప్పించగలదు, యుద్ధం నుంచి తప్పించలేదు.

నచికేత జూన్‌ 3న రెడ్‌క్రాస్‌ ద్వారా విడుదలయ్యాడు. వాయుసేన పతకం దక్కింది. కానీ ఎజెక్షన్‌లో వెన్నెముకకు తగిలిన దెబ్బ అతణ్ని మళ్లీ యుద్ధవిమానం ఎక్కనివ్వలేదు. అలాగని నచికేత ఎగరడం మానలేదు. కొన్నేళ్ల తరవాత రవాణా విమానాలకు మారి, గాల్లోనే తోటి విమానాలకు ఇంధనం నింపే భారీ ఇల్యూషిన్‌లు నడిపాడు. గ్రూప్‌ కెప్టెన్‌ స్థాయికి ఎదిగాడు. అతడు నడిపిన మిగ్‌-27లు 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో ఆఖరుసారిగా ఎగిరి రిటైరయ్యాయి.

తెలుగు నేల మీద కూడా ఈ కుర్చీలు పనిచేసిన సందర్భాలున్నాయి. హకీంపేట నుంచి శిక్షణ కోసం ఎగిరిన కిరణ్‌ విమానం 2017 సెప్టెంబరులో కీసర దగ్గరా, మరో కిరణ్‌ 2018 నవంబరులో యాదాద్రి జిల్లా బాహుపేట దగ్గరా కూలిపోయాయి. రెండుసార్లూ ట్రైనీ పైలట్లు కుర్చీ సాయంతోనే బయటపడ్డారు. పొలాల్లో పడిన విమాన శకలాల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. కుర్చీ సంగతి మాత్రం 'పైలట్‌ సురక్షితం' అన్న ఒక్క ముక్కలో అయిపోయింది.

పాత సామానా... ప్రాణమా?

ఆ ఒక్క ముక్క వెనకున్న కథ కోసమే తపించే మనుషులున్నారు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ యుద్ధవిమానాలు రిటైరయ్యాక వాటి కుర్చీల్లోంచి మందుగుండు గుళికల్నీ రాకెట్లనీ తీసేసి అమ్ముతారు. వాటిని కొని, తుప్పు వదిలించి, చిరిగిన పట్టీలు మార్చి, రంగులు వేసి, మళ్లీ కొత్తవాటిలా చేస్తారు ఈ సేకర్తలు. సరిగ్గా ఆ మోడల్‌లో వాడిన పట్టీయే కావాలి, ఆ కాలంలో రాసిన హెచ్చరిక అక్షరాలే ఉండాలి... అంత పట్టింపు. ఒకే కంపెనీ కుర్చీల్లోనూ ఎన్నో రకాలు. పాతవాటిలో పిడి తలపైన ఉండేది. దాన్ని లాగితే మొహం మీదికి మందపాటి గుడ్డ తెరలా దిగి, ఎదురుగాలి నుంచి కాపాడేది. ఆ తరవాతివాటిలో పిడి కిందికొచ్చింది. అలా కుర్చీలన్నీ వరసగా పెట్టి చూస్తే, జెట్‌ యుగం మొత్తం కళ్లముందు నిలుస్తుంది.

సీరియల్‌ నంబరున్న చిన్న రేకు ముక్క ఈ సేకర్తలకు బంగారంతో సమానం. దాన్ని పట్టుకుని పాత రికార్డులు తిరగేస్తే ఆ కుర్చీ ఏ విమానంలో ఉండేదో, ఏ స్క్వాడ్రన్‌లో పనిచేసిందో తెలుస్తుంది. అప్పుడది ఇనప సామాను కాదు, ఓ మనిషి కథ.

అన్నట్టు, ఈ సరదాలో ప్రమాదమూ ఉంది. మందుగుండు తీయని కుర్చీ అంటే పేలని బాంబుతో సమానం. ఎన్నేళ్లు మూలన పడి ఉన్నా, పిన్ను తీసి పిడి లాగితే ఇంటి కప్పు ఎగిరిపోవాల్సిందే. అందుకే నిపుణులు తనిఖీ చేసి, మందుగుండు లేదని తేల్చిన కుర్చీని తప్ప సేకర్తలు ముట్టుకోరు. కాలిఫోర్నియాలో మోటోఆర్ట్‌ అనే సంస్థ అయితే ఇలాంటి పాత కుర్చీలకు చక్రాలు బిగించి ఆఫీసు కుర్చీలుగా మార్చి అమ్ముతోంది. నచ్చని మీటింగుల్లో పిడి లాగాలనిపించినా ఏమీ కాదు లెండి!

అరచేతిలో మిగ్‌

నిజం కుర్చీ కొని నట్టింట్లో పెట్టుకోవడం మనలాంటి వాళ్లకు అయ్యేపని కాదు. కానీ ఆ కుర్చీని అరంగుళం సైజులో, విమానంతో సహా తయారుచేసే సరదా ఎవరికైనా అందుబాటులోనే ఉంది. అదే స్కేల్‌ మోడలింగ్‌. అసలు విమానాన్ని 72వ వంతుకో, 48వ వంతుకో, 32వ వంతుకో తగ్గించి, విడి భాగాలుగా అచ్చు పోసిన ప్లాస్టిక్‌ కిట్లు దొరుకుతాయి. బ్రిటన్‌ కంపెనీ ఎయిర్‌ఫిక్స్‌, జపాన్‌వాళ్ల టమియా, హసెగావా, చెక్‌ దేశపు ఎడ్వార్డ్‌... వీటిలో పేరున్నవి. సుమారు పద్నాలుగున్నర మీటర్ల పొడవుండే మిగ్‌-21, 72వ వంతు స్కేల్‌లో 20 సెంటీమీటర్లుంటుంది. 48వ వంతులో అయితే 30 సెంటీమీటర్లు, అంటే స్కూలు పిల్లల పెద్ద స్కేలంత.

ఈ బొమ్మలు ఒకప్పుడు యుద్ధంలోనూ పనికొచ్చాయి. 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లల్ని ఐదు లక్షల విమాన నమూనాలు చేసిపెట్టమని కోరింది. ఆకాశంలో కనిపించేది మన విమానమా, శత్రువుదా అని సైనికులు నీడని చూసే గుర్తుపట్టేందుకు వాటికి నల్లరంగు వేసి వాడారు. 72వ వంతు స్కేల్‌ అంతగా పాకిపోవడానికి అదీ ఓ కారణమే.

మోడలర్లలో నిజమైన పట్టు ఎక్కడ తెలుస్తుందో తెలుసా? రెక్కల్లోనో రంగుల్లోనో కాదు, కాక్‌పిట్‌లోని కుర్చీలో. 72వ వంతు స్కేల్‌లో కుర్చీ ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దానికి వెంట్రుకల్లాంటి లోహపు పట్టీలు అతికించాలి. వాటి బకిల్‌కి వెండిరంగు చుక్క పెట్టాలి. రెండు మిల్లీమీటర్ల పిడి మీద పసుపు, నలుపు చారలు గీయాలి. ఊపిరి బిగబట్టి, ఒకే ఒక్క వెంట్రుక ఉన్న కుంచెతో... ఆ పని చేసినవాడు ఆ కుర్చీ ఎలా పనిచేస్తుందో ఎప్పటికీ మరిచిపోడు. మన దేశానికి మొదట వచ్చిన మిగ్‌-21 రకంలో గాజు కప్పు ముందుకు తెరుచుకునేది. పైలట్‌ కుర్చీతో బయటికి దూకితే ఆ కప్పు కూడా ఎదురుగాలికి డాలులా అడ్డుపడుతూ వెంట వచ్చేది. తరవాతి రకాల్లో కప్పు పక్కకు తెరుచుకుంటుంది, ముందే ఊడిపోతుంది. ఈ తేడా పుస్తకంలో చదివితే పేజీ తిప్పగానే మరిచిపోతాం. చేత్తో అతికిస్తే మరిచిపోం.

1963లో వాయుసేనలో చేరిన మిగ్‌-21లు 62 ఏళ్ల కొలువు ముగించుకుని 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. ఇక అవి మనకు కనిపించేది మ్యూజియాల్లోనూ కూడళ్లలోనూ, ఇదిగో... ఇలాంటి అద్దాల బీరువాల్లోనే.

బెండు విమానం నుంచి...

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ విద్య మరీ కొత్తదేం కాదు. జొన్న కోతలయ్యాక చొప్ప పై బెరడు ఒలిచి, లోపలి బెండుని తుమ్మముళ్లతో గుచ్చి ఎడ్లబండ్లూ విమానాలూ చేయని పిల్లలెవరు? ఎన్‌సీసీ ఎయిర్‌ వింగ్‌లో నేర్పే ఏరోమోడలింగ్‌లో వాడే బాల్సా చెక్క కూడా అలాంటి తేలికైనదే. ముల్లు బదులు జిగురు, బెండు బదులు బాల్సా, అంతే తేడా. చేత్తో విమానం చేసిన పిల్లాడికి రెక్క ఎందుకు వంగి ఉంటుందో, తోక ఎందుకుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

చూడాలనుకునేవాళ్లకు మరీ దూరం వెళ్లక్కర్లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో 29 ఏళ్లు నౌకాదళానికి సేవలందించిన టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా మారి నిలబడి ఉంది. సీ హారియర్‌ యుద్ధవిమానమూ ఆ బీచ్‌లోనే ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పోల్చి చూడమని పిల్లలకు చెప్పొచ్చు. టీయూ-142లో ఎజెక్షన్‌ సీట్లు లేవు, సీ హారియర్‌లో ఉంది. ఎందుకో వాళ్లనే ఆలోచించనివ్వండి.

ఈ కుర్చీ ఆలోచన ఆకాశం దాటి అంతరిక్షం దాకా వెళ్లింది. మన వ్యోమగాముల్ని మోసుకెళ్లాల్సిన గగన్‌యాన్‌ కోసం, రాకెట్‌కి ఏదైనా అయితే మనుషులున్న గదిని మొత్తంగా లాక్కెళ్లి దూరంగా దించే ఏర్పాటుని ఇస్రో శ్రీహరికోటలో 2018 జులై 5న ఓసారి, 2023 అక్టోబరు 21న మరోసారి పరీక్షించింది. రెండుసార్లూ ఖాళీ గది పారాచూట్లతో బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. ఎజెక్షన్‌ సీటుకి పెద్దన్న అన్నమాట! 2025 డిసెంబరులో డీఆర్‌డీఓ చండీగఢ్‌లోని రాకెట్‌ పట్టాల మీద తేజస్‌ ముందుభాగాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించి, అందులోంచి పైలట్‌ బొమ్మని కుర్చీతో బయటికి పంపి పరీక్షించింది. ఇలాంటి పరీక్ష సొంతంగా చేయగల దేశాలు ప్రపంచంలో కొన్నే.

విమానాన్ని చూస్తే దాని వేగం గుర్తొస్తుంది, అది మోసే బాంబులు గుర్తొస్తాయి. కుర్చీని చూస్తే మాత్రం అందులో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. ఎన్ని వందల కోట్ల విమానమైనా పోతే పోనీ, ఆ మనిషి ఇంటికి రావాలన్న పట్టుదల గుర్తొస్తుంది. ఆ కుర్చీల్ని దాచుకునేవాళ్లు, అరంగుళం సైజులో చేసి మురిసిపోయేవాళ్లు దాచుకుంటున్నది దాన్నే.

ఈసారి కొరిశపాడు దగ్గర రహదారిని మూసినప్పుడు, చేను గట్టు మీద నిలబడి విమానాన్ని చూస్తూ పిల్లలు చెవులు మూసుకుంటే... ఆ రొద తగ్గాక వాళ్లకో మాట చెప్పండి. 'దాంట్లో ఓ కుర్చీ ఉంది నాన్నా, దాన్ని ఎప్పటికీ వాడకూడదనే తయారుచేశారు' అని!

మీరూ మొదలెట్టొచ్చు...

• తొలిసారి 72వ వంతు స్కేల్‌లో, ఒక ఇంజిన్‌ ఉన్న చిన్న విమానం కిట్‌ ఎంచుకోవాలి. భాగాలు తక్కువుంటాయి, విసుగు రాదు.

• భాగాల్ని ప్లాస్టిక్‌ చట్రం నుంచి చేత్తో విరవకూడదు. చిన్న కట్టర్‌తో కోసి, సన్న గరుకు కాగితంతో అంచులు నున్నగా చేయాలి.

• కాక్‌పిట్‌, కుర్చీలకు ముందే రంగు వేసుకోవాలి. రెండు సగాల్నీ అతికించాక కుంచె లోపలికి వెళ్లదు.

• మోడలింగ్‌ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది కాబట్టి చుక్కే చాలు. జిగురు, రంగులు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. పిల్లల పక్కన పెద్దలుండాలి.

• వాయుసేన గుర్తులు, నంబర్ల స్టిక్కర్లని కాసేపు నీళ్లలో నాననిచ్చి, కాగితం మీంచి మెల్లగా జార్చి అతికించాలి. తొందరపడితే చిరిగిపోతాయి.